పది అడుగుల బేరం

మొన్న మా అమ్మాయికి పార్సిల్లో కొత్త హ్యాండుబ్యాగు వచ్చింది. అట్టపెట్టె విప్పగానే రెగ్జిన్ వాసన గుప్పుమంది. దాంతోపాటు నలభై ఏళ్ళుగా నా కడుపులో ఉన్న కుళ్ళు కూడా పైకి తన్నుకొచ్చింది. అవును, కుళ్ళే. మా పెద్దమ్మ కూతురు సరోజంటే నాకు కుళ్ళు, ఆ కుళ్ళుకి అసూయ అని మర్యాదగా పేరు పెట్టడం నావల్ల కాదు.

మాది శ్రీకాకుళం. ఏటా దసరా ముందు, వానలు కాస్త తెరిపిచ్చి నాగావళిలో ఎర్రనీళ్ళు తేటపడే రోజుల్లో, అమ్మ పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కడి ఫుట్‌పాత్‌ల మీద ఇంటిల్లిపాదికీ బట్టలూ చెప్పులూ గాజులూ బేరమాడి తెచ్చేది. తోడు నేనే. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవడం, తాటి తాండ్ర చప్పరించడం, జగదాంబ సెంటర్ దగ్గర జనంలో అమ్మ కొంగు పట్టుకుని నడవడం, ఇంటికి బయల్దేరే ముందు ముంత కింద పప్పు ఒకే పొట్లంలోంచి ఇద్దరం తినడం, ఏడాదంతటికీ నాకు అదే పండగ. ఐదుగురు పిల్లలున్న ఇంట్లో అమ్మ నాకొక్కదానికే దొరికేది ఆ ఒక్కరోజే.

అమ్మ బేరం చూసి తీరాలి. చెప్పిన ధరలో సగానికి అడిగేది. అమ్మేవాడు ససేమిరా అంటే "సర్లే నాయనా" అని వస్తువు కింద పెట్టేసి నడిచేది, సరిగ్గా పది అడుగులు. ఆ పదిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగకూడదు. ఏడో అడుగుకో ఎనిమిదో అడుగుకో "అమ్మా, రండి, ఇచ్చేత్తాను!" అన్న కేక వినపడేది.

నా తొమ్మిదో ఏట ఒక పసుపుపచ్చ రెగ్జిన్ బ్యాగు మీద నా ప్రాణం పడింది. అమ్మ బేరమాడింది, నడిచింది. నాలుగో అడుగు దగ్గర నేను తిరిగి చూశాను. వాడు నవ్వాడు. "పాపకి నచ్చీసిందమ్మా, పైసా తగ్గదు" అన్నాడు. అమ్మ వాడు అడిగినంతా ఇచ్చి బ్యాగు నా చేతిలో పెట్టి, "నీ కళ్ళు నా కొంప ముంచీసినాయే గుంటా" అంది.

మరుసటి ఏడు అమ్మ సరోజని తీసుకెళ్ళింది. ఆ పై ఏడూ దాన్నే. సాయంత్రం తిరిగొచ్చి, "ఓలమ్మా, దీని గుండె రాయే! మెడ తిప్పితే ఒట్టు" అని మా నానమ్మకి మురిసిపోతూ చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. సరోజ కొత్త గాజులు గలగలలాడించేది. రెండు గాజులు దొంగిలించి కాలవలో పారేశాను, ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను. ఊరికే కూర్చోలేదు కూడా. బ్యాగు అరుగు మీద పెట్టి, నానమ్మని అమ్మేవాడిలా కూర్చోబెట్టి, నూతి దాకా నడక సాధన చేసేదాన్ని. ప్రతిసారీ తిరిగి చూసేదాన్ని. నానమ్మ నవ్వలేక చచ్చేది.

అమ్మ పోయాక మొదటిసారి, పోయిన నెల నేనూ సరోజా జగదాంబ దగ్గరి ఆ వీధికి వెళ్ళాం. ఇప్పుడు తోపుడుబండి మీద ఒకే రేటు అని అట్ట, దాని పక్కన ఫోనుతో డబ్బు కట్టే స్టిక్కరు. ఒక గౌను బేరమాడి ఇద్దరం పది అడుగులు నడిచాం. ఎవరూ పిలవలేదు. నేను తిరిగి చూస్తే కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు.

సరోజ మాత్రం తిరగలేదు. అలాగే నిలబడి అంది: "నాకూ ఓపాలి ఇక్కడే ఒక ఎర్రగౌను మీద మనసైపోనాదే. పిన్ని నడిసింది, నానూ నడిసేను. ఆడు పిలవలేదు. రైలెక్కీసేం. నీకైతే అడిగినంతా ఇచ్చి కొనీసింది."

"నువ్వూ తిరిగి చూడాల్సింది" అన్నాను.

"సూస్తే మల్లీ ఏడు నన్ను తీసుకెల్తాదేటి?"

జాలి కలగాల్సింది, కలిగింది కూడా. కానీ ఆ ఎర్రగౌను లేకుండా తిరిగొచ్చిన రైల్లో అమ్మ సరోజ తల ఒళ్ళో పెట్టుకుని ఉంటుందా, ఏమైనా చెప్పి ఉంటుందా అని ఆలోచన వచ్చింది. అడిగాను. "పెట్టుకున్నాదే, ఇంటికొచ్చీదాకా" అంది. ఆ పసుపుపచ్చ బ్యాగు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. కావాలంటే పట్టుకుపొమ్మన్నాను. వద్దంది.