రాయి ఎక్కిన ఆటో

నంద్యాలలో మా వీధి చివర కొత్తగా కట్టిన చిన్న గుడిలో నంది ఒళ్లంతా అద్దంలా నునుపు. ఎడమ చెవి వెనక మాత్రం ఉలిగీత ఒకటి గరుకుగా మిగిలిపోయింది. అదెందుకలా ఉందని పూజారిని అడిగితే, "ఆళ్లగడ్డ పనమ్మా, ఆడికే పోయి అడుగు" అన్నాడు. డిగ్రీ అయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోతున్న నాకు ఆ మాట చాలు. మర్నాడు ఉదయం ఏడింటికి పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. సిరివెళ్ల మీదుగా గంట దాటుతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, నల్లమల కొండలు కనిపిస్తూ ఉంటాయి.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లను వెతకనక్కర్లేదు, ఉలి చప్పుడు పట్టుకుని నడిస్తే చాలు. వీరాచారి అనే డెబ్బై ఏళ్ల పెద్దాయన నా ప్రశ్న విని, "చేసినోనికి ఆకలైంటాది, లేసి పోయింటాడు" అని తేల్చేశాడు. తర్వాత సుత్తితో ఒక నల్లరాతిని తట్టి వినిపించాడు. గంట మోగినట్టు ఖంగుమంది. "ఇట్ల పలికితే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులుంటాది. తట్టి ఇనకుండా ఉలి పెట్టం." ఆ పూట చాగలమర్రి వైపు ఒక పల్లెకు రెండడుగుల గ్రామదేవత సుంకులమ్మ విగ్రహాన్ని తీసుకెళ్తున్నాడు. పదకొండున్నరకు ప్రతిష్ఠ. నేనూ వస్తానంటే, "రా, కాళ్లు మాత్రం పైకి పెట్టుకోవాల" అన్నాడు.

ఆటో రత్నం అనే నడివయసు మనిషిది. అద్దానికి చిన్న సిలువ వేలాడుతోంది. పోనూ రానూ ఐదు వందలు. సీటు ముందు వరిగడ్డి పరిచి, అమ్మవారికి గోనెసంచులు చుట్టి పడుకోబెట్టారు. బండి ఎద్దులబండి కంటే కొంచెం వేగంగా కదిలింది.

"బండిలోకి రాయి ఎక్కితే బ్రేకు కొట్టగూడదు పాపా," అన్నాడు రత్నం. "ఒక్క కుదుపుకే ముక్కు పోతాది. ముక్కు పోయిన అమ్మను ఎవురు నిలబెడతారు?"

"నీ ముక్కు పోయినా పర్వాలేదులే, ముందే బాగలేదు," అన్నాడు పెద్దాయన.

పది దాటాక దారిలో వాహనాల తనిఖీ. ఒక కానిస్టేబుల్ అడ్డం వచ్చి చెయ్యెత్తాడు. రత్నం ఎడమ చెయ్యి బయటికి చాపి, ఆపుతున్నానని చూపించి, వేగం తగ్గిస్తూ పోయాడు. కానీ బ్రేకు నొక్కలేదు. బండి ఆయన్ను దాటి ఇంకో ఇరవై అడుగులు దొర్లింది. కానిస్టేబుల్ వెంట పరిగెత్తుకొచ్చాడు. "ఆపమంటే పారిపోతాండావా?" అంటూనే లాఠీ రత్నం కుడి చేతి మీద రెండుసార్లు పడింది.

దెబ్బ పడితే ఎవరైనా చెయ్యి లాక్కుంటారు. రత్నం లాక్కోలేదు. హ్యాండిల్ మీది పిడికిలి అంగుళం కూడా కదల్లేదు. బండి దూదిలో దిగినట్టు ఆగింది. అప్పుడు గానీ ఆ చెయ్యి తీసి గుండెకు ఆనించుకోలేదు.

కానిస్టేబుల్ తాళం లాక్కున్నాడు. జీపులోంచి ఎస్సై దిగి వచ్చాడు. "ఆపకుండా పోతాండాడు సార్, స్టేషనుకు తీసుకుపోదాం," అన్నాడు కానిస్టేబుల్. ముహూర్తానికి గంటే ఉంది. నేను కిందికి దిగి, "చెయ్యి చూపించాడు సార్. మెల్లగా ఆపుతుంటేనే కొట్టారు. నేను చూశాను," అన్నాను.

వీరాచారి గోనెసంచి తొలగించి అమ్మవారి ముఖం చూపించాడు. ముక్కు చెక్కుచెదరలేదు. "రాతినైనా కొట్టేముందు తట్టి ఇంటాం సార్. మీవోడు మనిషిని ఒక్కమాట అడగల్యా."

ఎస్సై కాసేపు ఆ ముఖం వైపు చూశాడు. కాగితాలు అడిగి చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "తాళం ఇచ్చెయ్" అన్నాడంతే. క్షమించమని ఎవరూ అనలేదు.

రత్నం వాచిన చేత్తోనే నడిపాడు. పదకొండుంబావుకు ఊరు చేరాం. డప్పుల మధ్య సుంకులమ్మ నిలబడింది. తిరిగి వస్తూ ఆసుపత్రి దగ్గర ఆగాం. డాక్టరమ్మ చెయ్యి చూసి, "పడినావా?" అంది.

"పళ్లేదమ్మా. బండి ఆపుతాంటే పోలీసాయన లాఠీతో కొట్టినాడు. అట్లే రాయండి."

వీరాచారి అతని భుజం మీద చెయ్యేశాడు. "రేపు మళ్లా అదే రోడ్డులో తిరగాల్సినోనివి రా."

"అందుకే రాయమంటాండా," అన్నాడు రత్నం.

డాక్టరమ్మ అలాగే రాసింది. కింద సాక్షిగా నా పేరు కూడా రాయమన్నాను.

శిల్పాలు చూడాలని వెళ్లాను, చూశాను కూడా. కానీ బస్సులో నంద్యాలకు తిరిగొస్తుంటే కళ్లముందు నిలిచింది మాత్రం ఆ పిడికిలే. తనది కాని దేవత ముక్కు కోసం చెయ్యి కదల్చలేదు, తర్వాత తన కోసం మాట తిప్పలేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: దారిలో ఇలాంటిది కంటపడితే చోటు, సమయం, చూసింది చూసినట్టు అదే రోజు రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో దెబ్బ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు రాయించి, ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి.