గంజి ఆరేలోపు

నిన్న మధ్యాహ్నం కాట్పాడిలోని మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు నుంచి ఒక ఆడమనిషి ఏడుపూ, ఏదో విసిరికొట్టిన చప్పుడూ వినిపించాయి. మెట్ల దగ్గర నలుగురం చేరాం. కింది వాటా పెద్దాయన గొంతు తగ్గించి, "అది వాళ్ళింటి విషయమమ్మా, మనకెందుకు?" అన్నారు. పక్క వాటా అమ్మాయికి ఇంకా పెళ్ళెందుకు కాలేదని మొన్న అరగంట ఆరా తీసింది ఈ పెద్దమనిషే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే గుడియాత్తం మేనత్త గుర్తొచ్చింది.

పేర్ణాంబట్టు చుట్టుపక్కల షూ కంపెనీలు కొత్తగా లేస్తున్న రోజులవి. అత్త ఉండే నేతవీధిలో ఎవరి సంగతీ దాగేది కాదు. ఎవరింట్లో ఎండుచేపలు వేగుతున్నాయో, ఏ పిల్ల ఏ బస్సెక్కిందో, పక్కన ఎవరు కూర్చున్నారో కూడా వీధే చెప్పేది. ఎదురింటి కోడలు షూ కంపెనీలో తోలు కుట్టే పనికి పోతానంటే, తలా ఒక మాట ఆమె మొగుడి చెవిలో ఊదారు. అతను ఆమెను గదిలో పెట్టి తాళం వేశాడు. అంతవరకూ అన్నింట్లో వేలు పెట్టిన వీధికి అప్పుడు హఠాత్తుగా మర్యాద గుర్తొచ్చింది. కిటికీలోంచి ఆమె మంచినీళ్ళు అడుగుతుంటే, 'వాళ్ళింటి విషయం, మనకెందుకు' అంటూ తలలు దించుకుని వెళ్ళిపోయారు. అత్త నీళ్ళందించి, తాళం తీయమని అతన్ని అడిగి, తిట్లు తిని వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అతని పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల నూలు, వీధిలోకి వచ్చింది. నేతవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పడుగును వీధి పొడుగునా సాచి గంజి పట్టించేటప్పుడు, అది ఎవరిదని అడక్కుండా ఇంటికొకరు వచ్చి చెయ్యి వేయాలి. గంజి ఆరేలోపు కుంచెతో దువ్వకపోతే పోగులు అతుక్కుపోయి పడుగంతా పాడవుతుంది. అందుకే పగవాడిదైనా పట్టాల్సిందే. అత్త కూడా వచ్చి పడుగును బిగించి ఉంచే కొస తాడు పట్టుకుంది. గంజంతా పట్టించాక, ఎండ చురుక్కుమనే వేళకు అత్త తాడు వదులు చేసింది. పడుగు జారింది.

"ఏందక్కా, గట్టిగా పట్టు. గంజి ఆరిపోతాండాది," అన్నాడతను.

"ఇది మీ ఇంటి పడుగు గదప్పా, నాకేంటికి?" అంది అత్త.

ఇంకొకామె తాడు అందుకోబోతే, అత్త దాన్ని నడుముకు చుట్టుకుంది. మా అత్త నడుము చుట్టూ ఉన్నదాన్ని లాక్కునే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

"తాళం తియ్యి నాయనా. ఆ బిడ్డ వాకిట్లోకి వచ్చినాక తాడు పడతా."

అతను వీధి వైపు చూశాడు. వీధి నూలు వైపు చూసింది. వెళ్ళి తాళం తీశాడు, జాలితో కాదు, నూలు కోసం. ఆమె వాకిట్లోకి వచ్చింది. అత్త తాడు బిగించింది. అందరూ దువ్వడం మొదలుపెట్టారు. ఆ కోడలు చెప్పులు తొడుక్కుని, వాళ్ళ పక్కనుంచే బస్టాండు వైపు నడిచిపోయింది. మొగుడితో సహా అందరి చేతులూ పడుగు మీదే ఉన్నాయి. ఆపడానికి ఒక్క చెయ్యి ఖాళీ లేదు.

ఆ తర్వాత అత్త బతికినన్నాళ్ళూ వీధివాళ్ళు అత్తనే కొంపలు కూల్చేదన్నారు. గదిలో ఆ పిల్ల ఏం తిన్నదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నిన్న నేను పైకి వెళ్ళి, తీసేదాకా ఆ తలుపు కొడుతూనే ఉన్నాను. పెద్దాయన కింద మెట్ల మీద నుంచి అదే మాట అంటూనే ఉన్నారు. అత్త పోయింది, ఆ వీధిలో మగ్గాల చప్పుడూ ఆగిపోయింది. ఇన్నేళ్ళు గడిచినా 'మనకెందుకు' అనే మాటకు మాత్రం ఇంకా ముసలితనం రాలేదు.