మూడుసార్లు బిగించిన జాకెట్టు

ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలంలో మొదటి ఆదివారం గుడికి బయల్దేరుతూ తెల్ల జాకెట్టు తొడుక్కుంటే, అది నాది కాదేమో అనిపించింది. చంకల దగ్గర వదులు, నడుం దగ్గర వదులు. చేతిలో విద్య ఉంది కదా. రెండు పక్కలా పావు అంగుళం లోపలికి పట్టి, మిషను మీద ఒక కుట్టు వేశాను. ఒంటికి అతికినట్టు కుదిరింది. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. మనిషి తగ్గుతుంటే ఎందుకని అడక్కుండా బట్టని తగ్గించిన తెలివి నాది.

మాది మల్కాపురం. మా నాన్నకి కట్‌పీసుల కొట్టు, మావయ్యకి కిరాణా కొట్టు. మాటలతో పాటే బేరం నేర్చుకున్నదాన్ని. పెళ్లయ్యాక ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మా లూథరన్ గుడిలో స్త్రీల సమాజం పనులు చూస్తాను, క్వయర్‌లో పాడతాను, ప్రభు భోజనం బల్ల మీద పరిచే గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేదీ నేనే. మా ఆయన పోర్టులో మెకానిక్. ఆయన అక్క సుగుణమ్మ, అంటే మా వదిన, భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. షుగర్ మనిషి. నేను జాకెట్టు కుడితే పక్కన కూర్చుని హుక్కులూ కాజాలూ వేసేది ఆవిడే.

ఆ ఏడు ఈస్టర్‌కి సమాజం ఆడవాళ్లందరికీ ఒకే రకం తెల్ల జాకెట్లు వేయాలని అనుకున్నారు. నేను కుడతానని ముందుగా చెయ్యెత్తాను. పోర్టు వైపు నుంచి గాలి వీచిందంటే మా కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత బొగ్గు దుమ్ము. తెల్లబట్ట మాసిపోతుందని కుట్టు గది కిటికీ మూసేశాను. ఊరికే మూయలేదు, సందుల్లో గుడ్డపీలికలు కూడా కుక్కాను. ఆ గదిలో ఆరు వారాలు, నేనూ వదినా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. నేను దగ్గుతూ, ఆవిడ హుక్కులు కుడుతూ.

"ఏటే మార్తా, ఆ దగ్గేటి? సిక్కిపోనావే" అంది ఒకరోజు.

"బొగ్గు దగ్గు వదినా. మల్కాపురంలో దగ్గనోళ్లెవరు? చిక్కిపోతే జాకెట్టు వదులవ్వాలి కదా. ఏదీ, వేలు పెట్టి చూడు."

ఆవిడ నిజంగానే వేలు పెట్టి చూసింది. దూరలేదు. "అవునే, బిగుతుగానే ఉంది" అని మళ్లీ సూది పట్టుకుంది. అప్పటికి అది రెండోసారి బిగించిన జాకెట్టు.

సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. మందుల షాపులో దగ్గు సిరప్ కొని తాగేదాన్ని. అదీ పెద్ద సీసా కొంటే కలిసొస్తుందని పెద్దదే కొన్నాను. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు రోజు దగ్గితే చేతిరుమాలు మీద ఎర్రటి మరక పడింది. అప్పుడైనా పరుగెత్తాలి. నేను దేవుడితో బేరానికి దిగాను. "ప్రభువా, ఈస్టర్ పాట పాడేదాకా ఆగు, తర్వాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను." ఆయన కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నాడని రాసేసుకున్నాను. నా పాత జాకెట్టు మూడోసారి బిగించాను. ఈస్టర్ నాడు కొత్త సమాజం జాకెట్టులో ముందు వరసలో నిలబడి పాడాను. నా పక్కన వదిన, ఆవిడా క్వయర్‌లోనే పాడేది.

ఆ మంగళవారం ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు చిన్నవయసాయన.

"దగ్గు ఎన్నాళ్లనుంచమ్మా?"

"పదిహేను రోజులండి." నిజానికి రెండు నెలలు దాటింది. అలవాటు ప్రకారం తగ్గించి చెప్పాను.

"వెయిట్ తగ్గారా?"

"లేదండి. జాకెట్టు చూడండి, సరిగ్గానే ఉంది కదా."

ఎక్స్‌రే గదిలో జాకెట్టు విప్పి గౌను వేసుకోమన్నారు. అక్కడి సిస్టర్ నా జాకెట్టు మడత పెడుతూ ఆగిపోయింది. లోపలివైపు తిప్పి చూసింది. "మా అమ్మా మిషను కుడతాదండి" అంది. "మూడు కుట్లున్నాయి. మూడుసార్లు బిగించారా?" ఆమె వెళ్లి డాక్టరుగారికి చెప్పేసింది. నా జన్మలో నన్ను బేరంలో ఓడించింది ఆ పిల్ల ఒక్కతే.

కళ్లె పరీక్ష చేశారు. పాజిటివ్. "టీబీ అమ్మా. తగ్గిపోతుంది. ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా మందులు వాడాలి."

"నాలుగు నెలలు చేయండి డాక్టరుగారూ. నేను గట్టిమనిషిని."

"మీతో నాకు బేరం లేదమ్మా, ఆ క్రిమితో మీకూ లేదు. ఆరంటే ఆరే. ఇంట్లో అందరికీ స్క్రీనింగ్ చేయాలి. మా హెల్త్ వర్కర్ వస్తుంది."

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఇంట్లో నిమ్ము చేసిందని చెప్పాను. మా ఆయన నమ్మాడు. మాత్రల అట్టలు మిషను సొరుగులో బాబిన్ల కింద దాచాను. ఆ మాత్రలకి మూత్రం నారింజ రంగులో వస్తుంటే, వదిన బాత్‌రూమ్‌కి వెళ్లకముందే రెండు బకెట్ల నీళ్లు కొట్టేదాన్ని. టీబీ అని తెలిస్తే కుట్టుకి బట్ట ఎవరిస్తారు? బల్ల గుడ్డలు ఉతకనిస్తారా? నాకు ఆ భయమే కనిపించింది, పక్కన కూర్చున్న మనిషి కనిపించలేదు.

పది రోజులకి హెల్త్ వర్కర్ వచ్చింది. వదిన పెరట్లో చేపలు కడుగుతోంది. నేను వీధి గుమ్మంలోనే నిలబడి, "మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మా వదిన కూతురింటికి కూర్మన్నపాలెం వెళ్లింది, ఇప్పట్లో రాదు" అన్నాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

"ఎవులే వొచ్చింది?" అని పెరట్లోంచి కేక.

"ఎవరో అడ్రసు అడిగారు వదినా."

నాకు మందులు పనిచేశాయి. రెండో నెలకి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, ఒక కుట్టు విప్పాను. సరిగ్గా అప్పుడే వదినకి జ్వరం మొదలైంది. షుగర్ ఎంతకీ దిగలేదు. ఒక ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. సూది గుచ్చి నీరు తీస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

అక్కడి డాక్టరమ్మ అడిగింది: "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?"

"లేదండి" అన్నాడు మా ఆయన.

ప్రతి ఆదివారం గుడిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాను. హోల్‌సేల్‌లో ఒప్పుకోవడం తేలికే. విడిగా, పేరు పెట్టి, ఒక మనిషి మంచం పక్కన నిలబడి ఒప్పుకోవడం నాకు అప్పటిదాకా తెలీదు.

"నాకుందండి. మందులు వాడుతున్నాను. ఇంట్లో చెప్పలేదు."

మా ఆయన నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. పరీక్షలో వదినకీ టీబీయేనని తేలాక డాక్టరమ్మ మాత్రం, "అప్పుడే తీసుకొస్తే ఇంతదాకా వచ్చేది కాదు" అంది. తర్వాత నా ముఖం చూసి, "మీ నుంచే వచ్చిందని కచ్చితంగా చెప్పలేంలెండి" అని మెత్తబడింది. ఏ డిస్కౌంటూ వదలని దాన్ని, ఆ ఒక్కటీ తీసుకోలేకపోయాను.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మొదటి వారం ఆవిడ బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆక్సిజన్ తీశాక మంచం మీద కూర్చోబెట్టి జావ తాగిస్తూ అంతా చెప్పాను. మూడు కుట్లు, రుమాలు మరక, నిమ్ము, అడ్రసు అడిగారన్న అబద్ధం. వదిన జావ గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చింది.

"నాను పెరట్లో సేపలు కడుగుతుంటే కూర్మన్నపాలెం పంపించేసినావా?"

"అవును వదినా."

"బస్సెక్కించకుండానే?"

నవ్వబోయి దగ్గింది. నేను ఏడ్చాను. "ఏడవకే. ఇంటికెల్లి ముందు ఆ కిటికీ తియ్యి. నిన్నేటి సెయ్యాలో తరవాత సూత్తాను" అంది.

అది జరిగి రెండేళ్లవుతోంది. ఇద్దరి కోర్సులూ పూర్తయ్యాయి, ఇద్దరికీ నెగెటివ్. మా ఆయనకి కూడా పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. స్త్రీల సమాజంలో నేనే లేచి చెప్పాను. ఇద్దరు ముగ్గురు కుట్టుకివ్వడం మానేశారు, మిగతావాళ్లు ఇస్తూనే ఉన్నారు. అంత భయపడింది ఆ ఇద్దరు ముగ్గురి కోసమా అని ఇప్పుడనిపిస్తుంది. వదిన ఎడమ ఊపిరితిత్తి మాత్రం పూర్తిగా విచ్చుకోలేదు. క్వయర్ మానేసి కింద బెంచీలో కూర్చుంటుంది. పాట రెండో చరణానికి ఆవిడ పెదాలు ఆగిపోతాయి. ముందు వరసలోంచి నాకు కనిపిస్తుంది. ఆ చోటు వదిలేస్తానంటే ఒప్పుకోలేదు. "నా బదులు కూడా నువ్వే పాడు, గట్టిగా" అంది. అదే నాకు వేసిన శిక్ష అనుకుంటాను.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీకు టీబీ అని తేలితే, హెల్త్ వర్కర్ వచ్చిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ పిలిచి ఆమె ముందు కూర్చోబెట్టండి. పెరట్లో ఉన్నవాళ్లని కూడా.

ఇది రాస్తుంటే వదిన నా పక్కనే హుక్కులు కుడుతోంది. కిటికీ బార్లా తీసే ఉంది. ఈసారి ఈస్టర్ జాకెట్ల మీద అప్పుడే నల్లగా దుమ్ము పడింది. ఇచ్చే ముందు అన్నీ ఉతకాలి.

"మూసెయ్యమంటావా వదినా?" అని ఊరికే అడిగాను.

"ముయ్యవే, సూత్తాను" అంది తలెత్తకుండా.