వంకలు పెట్టిన ఇల్లు

సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఫ్లాటు కిటికీ తెరిస్తే ఎదురింటి ఏసీల వెనక భాగాలు కనిపించేవి. ఆ దృశ్యం కోసం నేను జీతంలో సగానికి దగ్గరగా అద్దె కట్టేవాణ్ణి. పైన కుటుంబం ఇకామాల మీద, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డుల మీద, కట్టే ఫీజు వేరే. అయినా అక్కడ మేం సంతోషంగానే ఉన్నాం. సాయంత్రం సముద్రపు ఒడ్డుకు పోతే డబ్బులు అడిగేవాళ్ళు లేరు. అందుకే రోజూ పోయేవాళ్ళం.

తరువాత కంపెనీ నన్ను ఐదు గంటల దూరంలో ఉన్న ఒక పొలాల ఊరికి మార్చింది. ఎడారి మధ్యలో నీళ్ళ పంపులు, గుండ్రంగా తిరుగుతూ పైరు తడిపే పెద్ద పెద్ద యంత్రాలు. వాటికి కావలసిన సామాన్లు కొని పెట్టడం నా పని. ఒంటరి మనిషికి క్యాంపులో మంచం ఇస్తామన్నారు. కుటుంబంతో ఉంటే మాత్రం ఇల్లు నువ్వే చూసుకోవాలన్నారు. ఖోబర్ ఫ్లాటు గడువు నెలాఖరుకు అయిపోతుంది. రెండు చోట్లా ఇల్లు నడిపే తాహతు నాకు లేదు.

మా ఆవిడ నా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ నన్ను ఎరిగిన మనిషి కాబట్టి నాతో మాటలు పొదుపు.

"ఆ ఊర్లో ఇల్లు దొరికితే వస్తా బావా. దొరక్కపోతే నాకూ పాపకూ ఎగ్జిట్ వీసా కొట్టించు, ప్రొద్దుటూరుకు పోతాం. నెలకొకసారి చుట్టం మాదిరి వచ్చిపోయే మొగుడు నాకొద్దు."

పాపకు అప్పుడు నాలుగేళ్ళు. రెండు వారాల తరువాత నేను ఖోబర్ వచ్చి తలుపు కొడితే, తల్లి కొంగు పట్టుకుని, ఎవరో వచ్చారన్నట్టు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఎట్లాగైనా ఆ ఊర్లో ఇల్లు పట్టాలనుకున్నాను.

ఆ ఊరు ఒకటే రోడ్డు. దాని మీదే రొట్టెల బట్టీ, మందుల షాపు, టైర్ల షాపు, ఒక మలయాళీ నడిపే బఖాలా, అంటే మన చిల్లర అంగడి. కొత్త ఊరికి పోతే నేను ముందు ధరలు అడుగుతాను. ఏమీ కొనను, అడుగుతాను. ఖోబర్‌లో రెండు కిలోల టమాటాలకు ఇచ్చే డబ్బుతో ఇక్కడ తోటల దగ్గర పెట్టె నిండా ఇచ్చారు. పాలు, పెరుగు, గుడ్లు, గొర్రె మాంసం అన్నీ చౌక. రొట్టె చౌకే కాక వేడిగా కూడా ఉండేది. ఇడ్లీ బియ్యం లేదు. పచ్చిమిరపకాయలు ఉన్నాయి గానీ వాటిలో కారం లేదు. పాపకు జ్వరం వస్తే చూపించడానికి చిన్న ఆసుపత్రి ఉంది. అంతకు మించి ఏదైనా వస్తే గంటన్నర కారు నడపాలి. మన పిల్లల బడి అసలే లేదు. బడి సంగతి రెండేళ్ళ తరువాత కదా అని దాన్ని పక్కన పెట్టాను.

ఇళ్ళ దగ్గరే చిక్కు వచ్చింది. మొదటిది టైర్ల షాపు మీద. లారీ ఆగినప్పుడల్లా మంచం కదిలేది. రెండోది బాగుంది గానీ ఆ మేడలో అంతా ఒంటరి మగవాళ్ళే. మూడోది చూపించినవాడు జగిత్యాల వైపు మనిషి, నేను తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. ఆ ఊర్లో పదిహేనేళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. అతను అరబ్బీ మాట్లాడుతుంటే స్థానికులే ఒకసారి తిరిగి చూసేవాళ్ళు.

"అన్నా, ఖర్జూరం తోట ముసలాయనది ఒక ఇల్లున్నది. ముందుగాల ఈజిప్టు పంతులు ఉంటుండె. పెద్దమనిషి, మంచోడు. ఫ్యామిలీకే ఇస్తడు. పోదామా?"

పోయాం. తోట అంచున రెండు గదుల ఇల్లు. వంటగది, చుట్టూ గోడ, లోపల వాకిలి. వాకిట్లో మన రేగుచెట్టుకు అన్న వరుసయ్యే చెట్టు ఒకటి, కొమ్మల నిండా కాయలతో. నేను గుమ్మంలోనే ఆ ఇంటికి పడిపోయాను. ఇక్కడ పాప పరిగెత్తుతుంది, అక్కడ మా ఆవిడ బట్టలు ఆరేస్తుంది అని మనసులో సంసారం కూడా పెట్టేశాను.

అందువల్లే నా ముఖం చిట్లించుకుంది.

ఇది నా తప్పు కాదు, పెంపకం. మాది ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వీధి. మా నాన్న అంగడి, పక్కన పెదనాన్న అంగడి, ఎదురుగా మేనమామ అంగడి. అమ్మేటప్పుడు మావాళ్ళు గుడ్డను పట్టుకుని దేవుణ్ణి చూపించినట్టు చూపిస్తారు. అదే మనుషులు కొనడానికి పోతే ఏ వస్తువునూ బతకనివ్వరు. మా పెద్దమ్మ సంతలో లేత వంకాయలు చూసిందంటే, "ఏం నాయనా, పోయిన వారంవి ఇంగా అమ్ముడుపోలేదా?" అనేది. అవి తెల్లవారుజామున కోసినవని ఆమెకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. ఆ తిట్టు ఒక మర్యాద. ఎవరైనా తిట్టకుండా కొంటే, ఈ మనిషి నోటు చెల్లుతుందా లేదా అని వెలుతురులో పెట్టి చూసేవాళ్ళు.

ముసలాయన డెబ్బై దాటిన మనిషి. తెల్లటి థోబు వేసుకుని, కర్ర పట్టుకుని, మా వెనకే నెమ్మదిగా నడిచాడు. ఏడాదికి పదివేల రియాళ్ళన్నాడు. ఖోబర్ అద్దెలో సగం లేదు. లోపల నా గుండె గంతులేసింది. నోరు మాత్రం తన పనిలో దిగింది.

"గోడకు పగులుండాదని చెప్పు తమ్ముడూ."

"అన్నా, ఇల్లు మంచిగనే ఉంది గదా?"

"నీకు తెలీదులే. చెప్పు. తలుపు కింద రాసుకుంటాండాది. వంటింటి కిటికీ పావురం దూరేంత లేదు. ఎండంతా పడమటి గది మీదే పడతాది."

తమ్ముడు ఒక్కొక్కటీ చెప్పాడు. ముసలాయన పోయి పగులు మీద బొటనవేలు పెట్టి కిందినుంచి పైదాకా తడిమాడు. తలుపు మూసి తెరిచి, మళ్ళీ మూసి చూశాడు. కిటికీ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. మెత్తబడుతున్నాడని నాకు లోలోపల సంబరం. మా వీధిలో అయితే ఈపాటికి వెయ్యి దిగేది.

"ఇంకేమన్న ఉన్నదా అని అడుగుతుండు అన్నా."

అడిగితే నేను ఊరుకుంటానా. గొర్రెల వాసన అన్నాను. నీళ్ళ తొట్టి చిన్నదన్నాను. చెట్టు ఆకులు రాలుస్తుంది, రోజూ ఊడ్చేదెవరు అన్నాను. ఇంకో రెండు కలిపి మొత్తం తొమ్మిది వంకలు. పదోదాన్ని మర్యాద కోసం మింగాను.

మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే ముందు గదిలో, చాప మీద కూర్చోబెట్టి కహ్వా, వాళ్ళ కాఫీ, పోశాడు. తరువాత నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పాడు. ఆయన మాటలు నాకు ఇప్పటికీ జగిత్యాల యాసలోనే గుర్తున్నాయి.

"ఇల్లు ఇయ్యడంట అన్నా."

"ఎంతకు దిగినాడు?"

"దిగుడు కాదన్నా, ఇయ్యనే ఇయ్యడంట. గిన్ని లోపాలున్న ఇంట్ల పరాయి దేశపోని పెండ్లాం పిల్లల వెట్టి పైసల్ దీస్కుంటే నేనేం మనిషిని అంటుండు. నువ్వు జెప్పేదాక నాకే ఎరుకలేదు, మంచిగ జెప్పినవ్ అంటుండు. ఖర్జూరం కోతలయినంక అన్నీ బాగుజేయించి పిలుస్తడంట."

కోతలకు ఇంకా ఐదారు నెలలుంది. నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

"నువ్వేం చెప్పినావురా సామీ ఆయనకు?"

"నువ్వు జెప్పిందే జెప్పిన. ఒక్కటి ఇడ్సిపెట్టలే."

ఇది ఆయన ఎత్తు అనుకున్నాను. దానికి మా వీధిలో విరుగుడు ఉంది: లేచి వెళ్ళిపోవడం. లేచాను. కారు దాకా పెళ్ళికూతురి నడక నడిచాను. మా నాన్న లెక్కలో ఏడో అడుగుకు వెనకనుంచి పిలుపు రావాలి. వచ్చింది! గర్వంగా తిరిగాను. ముసలాయన నా చేతిలో ఖర్జూరాల పెట్టె పెట్టి, నా పాపకు ఇమ్మని చెప్పి, గేటు వేసుకున్నాడు.

ఫోనులో మా ఆవిడకు చెప్పక తప్పలేదు.

"సంతలో వంకాయలను తిట్టినట్టు ఇంటిని తిట్టినావా?"

"అంత కాదులే."

"చెట్టుండాదంటివే. చెట్టునూ తిట్టినావా?"

"ఆకులు రాలతాయి అన్నాను, అంతే."

తను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"టికెట్ల ధర కనుక్కో బావా," అంది. ఏ ధరైనా కనుక్కోమంటే సంతోషించే మనిషిని, ఆ ఒక్క ధరా కనుక్కోలేకపోయాను.

మరుసటి రోజు తనే ఫోను చేసింది. "శుక్రవారం మమ్మల్ని తీసకపో. ఆ ఇల్లు నేను చూడాల. ఆడ నువ్వు నోరు తెరవద్దు."

శుక్రవారం నమాజు అయిన తరువాత చేరాం. తమ్ముడు ముందే చెప్పి ఉంచాడు. మా ఆవిడనూ పాపనూ ముసలాయన భార్య గుమ్మంలోనే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేనూ తమ్ముడూ మజ్లిస్‌లో చాప మీదికి చేరాం. నోరు తెరవద్దని మా ఆవిడ చెప్పింది. నేను కహ్వా రెండో గుక్కకే తెరిచాను.

"ఇల్లు చాలా బాగుండాదని చెప్పు."

తమ్ముడు నా వైపు ఒక చూపు చూసి చెప్పాడు. ముసలాయన తల ఊపి ఏదో అడిగాడు.

"పగులు మానిందా అని అడుగుతుండు."

"అది పెద్ద పగులు కాదని చెప్పు. చెట్టు నీడ కూడా బాగుండాదని చెప్పు. గొర్రెలంటే మా పాపకు ప్రాణం."

"గొర్రెల వాసన?"

"వాసన ఏముందిలే. పదకొండు వేలిస్తానను!"

ఈ మాట నా నోటినుంచి వచ్చిందని మా వీధిలో తెలిస్తే అంగళ్ళు మూసి సంతాపం పాటిస్తారు. చెప్పిన ధర మీద వెయ్యి పెంచి అడిగినవాడు మా వంశంలో లేడు. ముసలాయన గడ్డం నిమురుకున్నాడు.

"వెయ్యి ఎక్కువిస్తే తలుపు రాసుకునుడు బంద్ అయితదా అంటుండు."

"పన్నెండు..."

"అన్నా, నీ కాల్మొక్త, ఊకో. నేను ఇది జెప్ప."

మొదటిసారి తమ్ముడు నా మాట అనువదించలేదు. నేను ఖర్జూరాలు తింటూ గింజలను పళ్ళెం అంచున వరసగా పేర్చాను. లోపలనుంచి ఆడవాళ్ళ నవ్వు వినిపించింది. మా ఆవిడకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు. దేనికి నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. చాలా రోజులుగా నేను ఆ నవ్వు వినలేదన్నది మాత్రం తెలిసింది.

కాసేపటికి ముసలాయన భార్య తలుపు అవతలనుంచి గట్టిగా పిలిచి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ముసలాయన మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేశాడు. ఆమె జవాబులు ఇచ్చింది. తమ్ముడు చెవి అటే పెట్టాడు.

"ఏమంట?"

"వదినను తోల్కపోయి ఇల్లంత సూపించిందంట. వంటింట్ల నల్లా కారుతుందంట. గా నల్లా ఒక్కటి బాగుజేయిస్తే సాలని వదిన సైగ జేసిందంట. పగులు సంగతేంది అని ఈయన అడిగిండు. వదిన గోడ మీద చెయ్యి వెట్టి, మా ఇంటికాడ ఇంతకన్న పెద్దదున్నది అని రెండు చేతులు సాపి సూపెట్టిందంట."

నిజమే. ఆ పగులు మా మేనమామ ఇంట్లో దేవుడి గది పక్కనే ఉంది. చిన్నప్పుడు అందులో గోలీలు దాచుకునేవాణ్ణి.

ముసలాయన నవ్వాడు. పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. నన్ను చూస్తూ మాట్లాడాడు. తమ్ముడు కూడా నవ్వుతూ చెప్పాడు.

"నువ్వు తొమ్మిది జెప్పినవంట. నీ పెండ్లాం ఒక్కటే జెప్పిందంట. అంటే ఆ ఒక్కటి నిజం అంటుండు. నల్లా రేపే మారుస్తడంట. అద్దె పదివేలే. నువ్వు పెంచిన వెయ్యి నీ బిడ్డకు బట్టలు కొనియ్యమంటుండు."

ఆ క్షణంలో కూడా నా నాలుక కదిలిందని ఒప్పుకోవాలి. నల్లా ఖర్చు నేను పెట్టుకుంటాను, తొమ్మిదిన్నర వేలకు ఇవ్వమను అనే మాట గొంతు దాకా వచ్చింది. కహ్వాతో కిందికి తోశాను.

కాగితం రాసే ముందు ముసలాయన, ఆరు నెలలకా, ఏడాదికా అని అడిగాడు. ఎంతకాలం ఉంటావని నేను మా ఆవిడను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

వాకిట్లోకి వచ్చాను. తను చెట్టు కింద ఒంటినిండా కప్పే నల్లటి అబాయాలో నిలబడి, పండిన కాయలను ఒడిలో ఏరుకుంటోంది. పాప బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. నన్ను చూసి, నోట్లో గింజలతోనే పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంది.

"ఆరు నెలలకా, ఏడాదికా అని అడుగుతాండాడు," అన్నాను. "ఆరు నెలలకు రాయిద్దామా? నీకు కష్టమైతే అప్పుడు చూసుకోవచ్చు. ఇడ్లీ బియ్యం దొరకవు. బడి లేదు. పలకరించేదానికి మనవాళ్ళు లేరు. ఎండాకాలం ఇంగా నువ్వు చూడలేదు."

ఇల్లు దక్కిన తరువాత, ఆ ఊరికి నేను చెప్పిన వంకలన్నీ ఇవే. ఈసారివి నిజం వంకలు.

మా ఆవిడ ఒక కాయ కొరికి, పుల్లగా ఉందో తియ్యగా ఉందో తేల్చుకుంటున్నట్టు కాసేపు నమిలింది.

"ఏడాదికి రాయమను," అంది. "పాప కాళ్ళకు చెప్పులు తొడుగు ముందు. ఈడంతా ముళ్ళుండాయి."