ఏడో బండ

ఒక మనిషి చనిపోయినప్పుడు ఆ వార్త ఎవరి ద్వారా, ఏ క్రమంలో, ఎన్ని ప్రతులుగా అందాలో నిర్దేశించే నిబంధనలు మా శాఖలో ఉన్నాయి. వార్త ముందుగా లిఖితపూర్వకంగా రావాలి. వచ్చిన కాగితానికి ఒక సంఖ్య పడాలి. సంఖ్య పడిన తరువాతే సిబ్బంది విచారించాలి. ఆ విచారం అరపూట సెలవుకు మించకూడదు. ఇంతటి ఏర్పాటు ఉండగా, తాండూరు మేస్త్రి పోయిన సంగతి నాకు గత గురువారం వికారాబాదు స్టేషను బయట, బండలు దింపుతున్న ఒక హమాలీ నోటి ద్వారా తెలిసింది.

"మీ మేస్త్రి పాయె సాబ్," అన్నాడు, బండ మీది చెయ్యి తీయకుండానే. "పొద్దుగాల చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే."

సంఖ్య లేదు, సంతకం లేదు. అయినా విచారించాను. అనుమతి లేకుండా విచారించడం నా ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిసారి.

కొత్తగా పనుల నిర్వహణ నెత్తిన పడ్డ యువకులు మూలసూత్రాలు చెప్పమని అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు నేను పటాలు చూపిస్తాను. మేస్త్రి గురించి చెప్పను. చెబితే వాళ్లు పని నేర్చుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు మేస్త్రి లేడు. నాకు తెలిసిన నాలుగు సంగతులు అతను నేర్పినవే కనుక, ప్రమాదానికి జంకకుండా రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయి బ్లాకు ఆఫీసులు తెరుచుకుంటున్న కాలం అది. వికారాబాదుకు పూడూరు దిక్కున ఒక వాగు, దాని అవతల ఒక చిన్న ఊరు. ఎండాకాలం ఆ వాగులో మేకలు పడుకుంటాయి. అనంతగిరి కొండ మీద గట్టివాన పడిన గంటకు, ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే, అది మనిషి లోతు వస్తుంది. దాని మీద నడక వంతెన కట్టించే పనికి నన్ను పర్యవేక్షకుడిగా వేశారు. ఆ రోజు ఆఫీసుకు వేళకు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం నా అర్హత. నా పైన ఇంజినీర్ సాబ్. వాగులో రాతి దిమ్మెలు కట్టి, దిమ్మెకూ దిమ్మెకూ నడుమ ఒక్కో తాండూరు బండ చొప్పున ఆరు బండలు వేయాలి. పని అంతే. దాని మీద మేము పన్నెండు సమావేశాలు జరిపాము. అందులో మూడు, సమావేశాలు మరీ ఎక్కువవుతున్నాయని చర్చించడానికి.

మొదటి రోజు వాగు ఒడ్డున నిలబడి ఇంజినీర్ సాబ్ గడువు ప్రకటించాడు. "దీపావళి దాకా టైమున్నది. పెద్ద సారు చేత ప్రారంభం చేయిద్దాం."

అవతలి ఊళ్లో గొర్లు కాసుకునే మల్లమ్మ కర్రకు ఆనుకొని అంతా విన్నది. "నా బిడ్డకు శ్రావణంల నెలలు నిండుతయి సారూ," అన్నది. "పోయినేడు గిదే వాగు అడ్డం వచ్చి, నా కోడలు దవాఖానకు చేరకుంటనే పాణం ఇడిసింది. గిప్పుడు నాకు బిడ్డొక్కతే. శ్రావణానికి అయితదా, కాదా?"

"అవ్వా, గడువు ఆఫీసు నిర్ణయిస్తుంది," అన్నాను నేను, పద్ధతిగా.

పక్కనే దిమ్మెల జాగా చూస్తున్న మేస్త్రి నడుముకున్న తాడు తీసి, ఒక కొసన పెద్ద ముడి వేశాడు. "గిది నీ బిడ్డ ముడి, అవ్వా. కడమయన్ని దీనికి ముంగట ఏస్తం."

అదే అతని పథకమని నాకు తరువాత తెలిసింది. ఆ కొసముడి నుంచి వెనక్కి వస్తూ, ఒక్కో పనికి ఒక్కో ముడి వేశాడు. బండలు పరవడం, దానికి ముందు దిమ్మెలు ఆరడం, దానికి ముందు పునాది, దానికీ ముందు వాగును పక్కకు మళ్లించడం. పని అయ్యాక ముడి విప్పేవాడు. అతని తల్లి కన్నడం మాట్లాడే ఊరి మనిషి; ముడి విప్పినప్పుడు "ఆయ్తు" అనేవాడు, అయిపోయిందని. ముడి బిగువుగా ఉండగా ఆ మాట అతని నోట నేనెన్నడూ వినలేదు. మా ఆఫీసు గోడ మీద ఎర్ర, నీలి పెన్సిళ్లతో గీసిన పటం ఉండేది. అందులో గడి నిండడానికి పని జరగనక్కరలేదు, పెన్సిలు చెక్కి ఉంటే చాలు.

మా పటంలో అన్నిటికన్నా ముందు నిండిన గడి శిలాఫలకానిది. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరి హోదా ఎంత పొడుగుండాలి అన్న విషయమై తగవులు పడి, ఎవరినీ తీసేయలేక అందరినీ ఉంచాము. జీపు దిగకుండా చదువుకోవడానికి వీలుగా అక్షరాలు బెత్తెడు ఎత్తు ఉండాలని తీర్మానించాము. చిట్టచివర నా పేరు నేనే చేర్చుకున్నాను. వంతెన బండలకు ఒక ఇండెంటు, ఫలకానికి వేరొక ఇండెంటు రాయవలసి ఉండగా, బద్ధకించి, "ఒకే కొలత బండలు ఏడు" అని ఒక్క వాక్యం రాసి తాండూరుకు పంపాను. ఫలకం ఆరడుగుల పొడుగుతో, వంతెన బండంత మందంతో తయారైంది. మేస్త్రికి చదువు రాదు. కాగితం మీద గీసిచ్చిన అక్షరాలను చూసి, గీత తప్పకుండా చెక్కాడు. అంతా చెక్కి, దుమ్ము ఊది, ఒక్కటే అడిగాడు.

"గిందరు వస్తరా సాబ్, బండలు మొయ్యనీకి?"

ఏడు బండలూ రైల్లో వికారాబాదుకు వచ్చిన రోజు మేస్త్రి ఒక్కోదాన్ని సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఐదు ఖంగుమన్నాయి. ఫలకమైతే గుడిగంటలా మోగింది. ఒక్కటి మాత్రం చప్పగా పలికింది. "దీంట్ల చీలికున్నది," అన్నాడు. "ఏస్తే ఇరుగుతది."

ఇంజినీర్ సాబ్ కాగితం చూశాడు. "రావాల్సినయి ఏడు, వచ్చినయి ఏడు. ఇంకేం పరేషాన్? సంతకం పెట్టు."

పెట్టాను. దింపుతుండగా ఆ బండ రెండు ముక్కలైంది. కొత్తది తెప్పించాలంటే, పగిలిన బండను మంచిదని ఎందుకు సంతకం పెట్టానో ముందు నేను సంజాయిషీ ఇవ్వాలి. నా సంజాయిషీ బల్ల నుంచి బల్లకు తిరుగుతుండగా ఆషాఢం ముగిసింది. దిమ్మెలు లేచాయి, ఐదు బండలు పడ్డాయి. నడిమధ్యన ఒక్కటి లేదు. గట్టు మీద మాత్రం ఫలకం బట్ట కప్పుకొని పెద్ద సారు కోసం నిలబడి ఉంది. "ఆరింట ఐదు వంతులు పూర్తి" అని నివేదిక రాసి, ఊరివాళ్లు వింటుండగా మేస్త్రికి చదివి వినిపించాను.

"ఐదు వంతుల వంతెన అంటే ఏంది సాబ్? జర దూరం నడిచి వాగుల దునుకుడా?"

"కాగితం మీద అలాగే రాస్తారు, మేస్త్రి."

"అయితే మల్లమ్మ బిడ్డను గా కాగితం మీదికెళ్లే నడవమనుండ్రి."

శ్రావణంలో ఒక ఉదయం అతను ఆ ఆరో బండ సంగతి మళ్లీ అడగడానికి తాండూరు నుంచి మొదటి బండిలో మా ఆఫీసుకు వచ్చాడు. అడగకుండానే కిటికీలోంచి అనంతగిరి దిక్కు చూశాడు. కొండ నల్లగా ఉంది. "లేవుండ్రి సాబ్," అని నన్ను వాగు దగ్గరికి నడిపించాడు. మేము చేరేసరికి వాగు దిమ్మెల మెడ దాకా ఎక్కింది. అవతలి నుంచి నలుగురు మనుషులు ఒక మంచం మోసుకొచ్చి, నడుమ ఖాళీకి ఇవతల అడుగు పెట్టలేక, మూడో బండ మీద దించారు. మంచంలో మల్లమ్మ బిడ్డ. తెల్లారకముందు నుంచి నొప్పులు; మంత్రసాని తన వల్ల కాదన్నదట.

"సారూ!" మల్లమ్మ గొంతు నీళ్ల హోరు దాటి వచ్చింది. "ఐదు వంతులైందన్నరు గదా! నా బిడ్డను ఏ వంతుల ఎయ్యాలె?"

మేస్త్రి అప్పటికే ఫలకం మీది బట్ట లాగేశాడు. గట్టు మీది గుడిసెలో ఉంటున్న అతని మనుషులు ఖాళీకి అడ్డంగా రెండు దూలాలు తోశారు. నేను అడ్డు వెళ్లాను. "మేస్త్రి, అది ప్రభుత్వ ఆస్తి. పెద్దల పేర్లున్నాయి. జనం తొక్కితే..."

"పేర్లు కిందికి ఏస్తం సాబ్, ఎవలూ తొక్కరు. ఎనుక దిక్కు గరుకుంటది, కాలు గూడ జారదు." ఒక్క క్షణం నా వంక చూశాడు. "జర గా మూల పట్టుండ్రి."

పట్టాను. ఉద్యోగంలో చేరిన తరువాత నేను చేసిన మొదటి పని అదే.

బండ దూలాల మీద జారి, రెండు దిమ్మెల మీద చక్కగా కూర్చుంది. ఒకే కొలత కదా. మంచం దాటింది. అప్పుడు మేస్త్రి "ఆయ్తు" అంటాడని చూశాను. అనలేదు. కొసముడి పట్టుకొని గట్టు మీదే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక దవాఖాన నుంచి మనిషి వచ్చి, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అని చెప్పాడు. అప్పుడు ముడి విప్పి, తాడు దులిపి, మెల్లగా అన్నాడు: "ఆయ్తు."

వారం తరువాత ఇంజినీర్ సాబ్ వచ్చి గట్టు చూశాడు. "ఫలకమేదీ?"

"ఏడికి పోలే సాబ్," అన్నాడు మేస్త్రి. "జర వాగులకు దిగి మీదికి చూడుండ్రి. అందరున్నరు."

ఇంజినీర్ సాబ్ దిగలేదు, బూట్లు కొత్తవి. ఆవిష్కరించడానికి ఫలకం లేనందున ప్రారంభం జరగదని, ప్రారంభం జరగనందున వంతెన పూర్తి కాలేదని తేల్చాడు. దస్త్రాల్లో అది నేటికీ ఆరింట ఐదు వంతులే. ఫలకం సంగతి మీద నన్ను సంజాయిషీ అడిగారు. "మేస్త్రి తొందరపాటు వల్ల" అని రాశాను. మూల పట్టిన చేతి గురించి రాయలేదు. ఆ ఒక్క వాక్యంతో మేస్త్రికి మా ఆఫీసు పని మళ్లీ దొరకలేదు. నాకు పదోన్నతి దొరికింది. ఈ రాతలో నేను కొందరు పెద్దలను చులకన చేసినట్టు తోచినవారు, ఫలకంలో చిట్టచివరి పేరు కూడా చదువుకోవలసిందిగా మనవి.

కొన్నేళ్లకు తాండూరు గనుల దగ్గర ఎదురుపడ్డాడు. నేను తప్పుకోబోయాను. అతను బండ మీది దుమ్ము తుడిచి కూర్చోబెట్టాడు. "ఏంది సాబ్, గింత బక్కగైండ్రు? ఆఫీసుల తిననిస్తలేరా?" నేను ఆ వాక్యం సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "గది ఇడువుండ్రి. మీరు ఏడు బండలు ఒక్క తీరుగ రాయకపోతే, గా దినం నేనేం ఏద్దును గా సందుల?"

నా బద్ధకాన్ని అతను ముందుచూపు కింద జమకట్టాడు. ఇన్నేళ్ల కొలువులో నా పనిని ఒకరు మెచ్చుకోవడం అదొక్కసారే.

వార్త తెలిసిన మర్నాడు వాగు దగ్గరికి వెళ్లాను. నీళ్లు చీలమండ లోతు. మొదటిసారి కిందికి దిగి తల పైకెత్తాను. అందరూ ఉన్నారు. ఇంజినీర్ సాబ్ పేరు మీద కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. నా పేరు మీద నీటి వెలుగు కదులుతోంది. చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు. ఇంతలో పైన చిన్న చిన్న అడుగులు టపటపమంటూ దాటిపోయాయి, బడికి పోయే పిల్లలవి. అందులో మల్లమ్మ మనవరాలివి ఏవో కింది నుంచి తెలియదు.

కావున ఇందుమూలంగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా: ఇకపై ఏ పని బాధ్యత చేపట్టే ఉద్యోగి అయినా, చేరే రోజు బూట్లు విప్పి ఈ వాగులోకి దిగి, తన పై అధికారుల పేర్లన్నీ పైకి చదివి, తల మీదుగా ఎవరైనా నడిచి వెళ్లేదాకా అక్కడే నిలబడి ఉండవలెను. మేకలు నడిచినా చెల్లును. ఎవరూ నడవనిచో, అనంతగిరి మీద వాన పడుతున్నను, కదలరాదు. ఈ నిబంధన తుదిది.