బెల్లం ముట్టిన విస్తరి

మొన్న మా ఆయన పోయిన మూడో నాడు, మడికొండలో మేముండే అపార్ట్‌మెంటు డాబా మీద, నీళ్ల ట్యాంకుల నడుమ విస్తరి పరిచి మేమంతా ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాం. పోయినవారికి ఇష్టమైనవి వండి పిట్టకు పెడితే, కాకి వచ్చి ముట్టిందంటే వారి మనసు నిమ్మళించినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు అని మా వైపు నమ్మకం. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఈ కొత్త కాలనీలో చెట్లే లేవు, ఇక కాకులెక్కడివి? ఎండ నెత్తికెక్కాక మా మరిది జేబులోంచి ఫోను తీసి, అందులో కాకి అరుపులు పెట్టాడు.

"జర సౌండ్ పెంచు, బావకు అసలే చెవులు సరిగ వినబడకపోతుండె" అంది మా తోడికోడలు.

"వినాల్సింది అన్న కాదే, కాకి" అన్నాడు మరిది.

నవ్వు వచ్చినవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వైనా రావాలి, ఏడుపైనా రావాలి, రెండూ రాలేదు. అరికాలికి తిమ్మిరెక్కితే నేల మీద నాలుగుసార్లు తాటించుకుంటాం, మనిషంతా తిమ్మిరెక్కితే ఏం తాటించుకోవాలో మన పెద్దలెవరూ చెప్పిపోలేదు. అట్లా నిలబడి ఉంటే, ఎప్పటిదో ఇంకో విస్తరి గుర్తుకొచ్చింది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చి కేసముద్రం నుంచి వరంగల్ చేరినప్పుడు, ఈ ఊళ్లో నాకు తెలిసిన మనిషి మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ ఒక్కతే. బజారు వైపు బియ్యం, కిరాణా దుకాణం, దాని వెనుక గోదాము, గోదాము వెనుక పెరడూ ఇల్లూ. పెద్దనాన్న పోయాక దుకాణం ఆయన తమ్ముడు, మా చిన్నబాపు, చూసుకునేవాడు. ఇల్లు పెద్దమ్మదని అందరూ అనేవారు గానీ, వెళ్లిన వారం తిరక్కుండానే అది పిల్లులదని నాకు అర్థమైంది. గోనెసంచులు కొరికే ఎలుకల బాధకు మొదట ఒక్క పిల్లినే తెచ్చారట. తరువాతి సంగతంతా ఆ పిల్లే చూసుకుంది.

దుకాణంలో ఉన్న సరుకుల పేర్లే వాటికి పెట్టింది పెద్దమ్మ. ఒళ్లంతా చుక్కలున్నది ఆవాలు, నల్లది మిరియం, ముట్టుకుంటే మీదికొచ్చేది ఎండుమిర్చి. అన్నిటికీ పెద్దది, ఎర్రటి ఒళ్లూ సగం తోకా ఉన్నది బెల్లం. బెల్లానికి జ్వరమొచ్చిందని పెద్దమ్మ పెరట్లోంచి కేకేస్తే, దుకాణంలో బేరానికొచ్చినవాళ్లు చింతపండు ఒక్కటే కట్టించుకుని వెళ్లిపోయిన రోజులున్నాయి. పిల్లి ఎదురైతే ఆగి, మంచినీళ్లు తాగి బయలుదేరాలంటారు గదా, ఆ లెక్కన మేము ఇల్లు కదలాలంటే బావి ఎండిపోయేది. మాది మాంసం ముట్టని ఇల్లు. గోదాములో ఏం దొరికినా వాటి ఇష్టం, గడప లోపల మాత్రం పెరుగన్నమే అన్నది వాటికీ పెద్దమ్మకూ ఉన్న ఒప్పందం.

పెద్దమ్మకు ఒక పద్ధతి ఉండేది. తన పళ్లెంలోంచి మొదటి ముద్ద తీసి పెరట్లోని రాతి గిన్నెలో వేసేది. ఏదో ఒక పిల్లి వచ్చి మూతి పెడితే తప్ప తాను తినేది కాదు. పొద్దంతా కొనేవాళ్ల కాళ్లకు అడ్డం పడకుండా వాటిని గోదాములోనే ఉంచేవాళ్లం. ఉదయం డ్యూటీ నుంచి వచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ వెనుక తలుపు గడియ తీయడం నా పని. గడియ చప్పుడుకే దొర్లుకుంటూ వచ్చేవి. కొత్త ఊళ్లో నా కోసం అంతమంది పరుగెత్తుకు రావడం నాకు గర్వంగా ఉండేది. నా వెనుక వచ్చే పెరుగన్నం కోసమని తెలిసినా సరే.

మా పెండ్లిచూపులు కూడా ఆ పెరట్లోనే జరిగాయి. హనుమకొండలో మాస్టరుగా చేస్తున్న ఆయన వచ్చి కుర్చీలో కూచోగానే, ఆ కుర్చీ అసలు హక్కుదారు బెల్లం ఎగిరి ఆయన ఒళ్లో కూచుంది. ఉన్నంతసేపూ ఆయన వేలైనా కదపలేదు. ఎంత నెమ్మదస్తుడో అని ముచ్చటపడి ఒప్పుకున్నాను. అది నెమ్మది కాదు, భయమని పెండ్లయ్యాక చెప్పాడు. అదే ఇంట్లో కాపురం పెట్టాక భయం పోయింది. ఇంట్లో ఎన్ని పిల్లులని ఎవరైనా అడిగితే నన్ను కలిపి లెక్క చెప్పేవాడు. చప్పుడు లేకుండా నడుస్తుంది, ఎండ ఎక్కడుంటే అక్కడ నిద్రపోతుంది, పాలగిన్నె మూత తీస్తేగానీ లేవదు, ఈమెను విడిగా ఎందుకు లెక్కపెట్టాలి అని ఆయన వాదన. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం ఉండేది కాదు.

ఒక వానాకాలం, నాలుగు దినాల జ్వరంతో పెద్దమ్మ పోయింది. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. ఎక్స్ఛేంజిలో లైను తెగినప్పుడు చెవిలో మిగిలే ఉత్త మోత వంటిదేదో తల నిండా ఉండేది. చిన్నబాపు చెడ్డవాడు కాదు. బియ్యంలో బొచ్చు వస్తోందని కొనేవాళ్లు తిడుతుంటే, వదిన ముఖం చూసి ఇన్నేళ్లూ ఓర్చుకున్నాడు. పిట్టకు పెట్టే రోజు పొద్దున్నే ఖాళీ గోనెసంచులు తెచ్చి పెరటి గోడ పక్కన పేర్చాడు. కార్యం కాగానే పిల్లులన్నిటినీ వాటిలో కట్టి, ఏటూరునాగారం పోయే లారీలో అడవి అంచున వదిలేయాలని ఏర్పాటు. మా ఆయన వద్దని బతిమాలాడు.

"ఇగ నాతోని కాదు అల్లుడు. అడవిల ఎలుకలు లేవా, అవే బతుకుతయి తియ్" అన్నాడు చిన్నబాపు.

పెరుగన్నానికి అలవాటు పడ్డ ప్రాణాలు అడవిలో ఎట్లా బతుకుతాయని అడగాలనుకున్నాను. నా నోరు ఎక్కడో వేరే ఇంట్లో ఉన్నట్టనిపించింది.

పిట్టగోడ మీద విస్తరి వేసి సర్వపిండి, పచ్చిపులుసు, పెరుగన్నం పెట్టాం. పిల్లుల్ని గోదాములో వేసి గడియ పెట్టారు. అయినా కాకి రాలేదు. ఆ గోడ మీద వాలితే ఏమవుతుందో బజారు కాకులన్నిటికీ మా పిల్లులు ఏనాడో నేర్పి ఉంచాయి. ఎదురింటి పెంకుల మీద వరసగా కూచుని మా వంక చూశాయే తప్ప ఒక్కటీ కదలలేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు పెద్దలు. ఒక్కొక్కరే చేతులు జోడించి పెద్దమ్మకు మాట ఇవ్వసాగారు. తులసిచెట్టుకు దినాం నీళ్లు పోయిస్తానన్నాడు చిన్నబాపు. దుకాణం మీద ఆమె పేరు రాయిస్తానన్నాడు. పిల్లుల మాట తప్ప అన్ని మాటలూ ఇచ్చాడు. పెద్దనాన్నకూ ఆయనకూ అక్క అయిన మా అత్త, పిల్లి బొచ్చు పడుతుందని మా ఇంట్లో చాయ మీద కూడా అరచెయ్యి మూత పెట్టి తాగే మనిషి, ఆకలికి నీరసించి బల్ల మీద ఒరిగింది.

భోజనాల వేళయింది. గోదాములోంచి అరుపులు మొదలయ్యాయి. నేనేమీ ఆలోచించలేదు. రోజూ వెళ్లినట్టే వెళ్లాను, రోజూ తీసినట్టే చెయ్యి గడియ తీసింది. అన్నీ దొర్లుకుంటూ వచ్చాయి. బెల్లం అందరినీ దాటుకుని, వయసుకు తగ్గట్టు ఆగి ఆగి గోడెక్కి, విస్తరిలోని పెరుగన్నంలో మూతి పెట్టింది.

చిన్నబాపు కట్టె అందుకున్నాడు.

"ఆగురా!" అంది అత్త బల్ల మీది నుంచే. "బతికినన్ని దినాలు పిల్లి ముట్టినంకనే అన్నం తిన్నది మీ వదిన. ఇయ్యాల కాకి కోసం ఆగుతదా? ముట్టింది. ఇస్తర్లెయ్యిండ్రి, నాకు ఆకలైతాంది."

"మరి ఇవన్నీ?" అన్నాడు చిన్నబాపు సంచుల వైపు చూస్తూ.

"మీ వదిన రూపంల వచ్చి తిన్నదాన్ని సంచిల కడుతవా? కట్టు, నేను చూస్త."

చిన్నబాపు సంచులన్నీ ఎత్తుకుని దుకాణంలోకి వెళ్లిపోయాడు. సాయంత్రానికి వాటిలో బియ్యం పోశారు.

ఆ తరువాత చాలా ఏళ్లు ఆ పిల్లులతోనే మా కాపురం, సుఖంగానే సాగింది. ఒక్కొక్కటే పోయాయి. రోడ్డు వెడల్పులో ఇల్లూ పోయింది. మడికొండకు వచ్చాం. పెంపుడు జంతువులు ఉండరాదని లిఫ్టు పక్కన బోర్డు. అది చదివి మా ఆయన, అయితే నువ్వెట్లా ఉంటావు అన్నాడు.

మొన్న డాబా మీద ఫోను చార్జింగు అయిపోయింది. "గింతసేపు చూసినం గద వదినా, ఇయ్యాల రేపు ఎక్కడ ముడుతున్నయి" అని మరిది అందరినీ తీసుకుని కిందికి దిగాడు. నేను ఆగాను. విస్తరి మీద చీమలు కూడా లేవు. సర్వపిండి అంచు విరిచి, పెరుగన్నంలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. చేయకూడని పనే. ఆయన పిల్లుల లెక్క ప్రకారమైతే చెల్లుతుందనుకున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో నాలుకకు తెలియలేదు.

కిందికి దిగి, ముట్టింది, అందరూ తినండి అన్నాను. హమ్మయ్య అని విస్తర్లు వేసుకున్నారు. ఏది ముట్టిందని ఎవరూ అడగలేదు. అడిగే అత్తలు ఇప్పుడు లేరు.