ఎక్కడికని అడగని ఇల్లు

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న ఒక తతంగం ఉండేది. నాతో ఇల్లు పంచుకున్న ఆవిడ మెట్లు దిగి వచ్చి, హాల్లో అద్దం ముందు నిలబడి కోటు వేసుకునేది. కోటు వేసుకోవడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? ఆవిడకి మాత్రం ఓ యుగం పట్టేది. గుండీలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఎదురుగా ఉన్న గొడుగు కోసం ఇల్లంతా వెతికి, చివరికి నా వైపు చూసి "సరే మరి, వెళ్తున్నా" అనేది. నేను సోఫాలోంచే "సరే" అనేదాన్ని. తలుపు మూసుకునేది. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ఫ్రిజ్ మోత ఒక్కటే.

ఆవిడది ట్రినిడాడ్. కరీబియన్ సముద్రంలో, వెనిజులాకి కూతవేటు దూరంలో ఉన్న ద్వీపం. ఇక్కడ ఐర్లాండ్ నడిమధ్య ఉన్న అత్లోన్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో నర్సు. నేను ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పనిచేస్తాను. ఐర్లాండ్‌లో అద్దె ఇల్లు దొరకడం అంటే మాటలు కాదు. అందుకే యాభై దాటిన ఆడవాళ్ళం ఇద్దరం, ముక్కూ మొహం తెలియనివాళ్ళం, ఒకే లీజు మీద సంతకాలు పెట్టి ఒక ఇంట్లో చేరాం. నాకు పిల్లాపీచూ లేరు. ఒకప్పటి మొగుడు ఎక్కడున్నాడో నాకు అక్కర్లేదు. ల్యాబ్‌లో రోజంతా యంత్రాల మధ్యే గడుస్తుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆవిడ గొంతు వినబడని రోజు నాకు మనిషి గొంతు వినబడనట్టే. ఆగస్టులో లీజు తిరగరాయాలి. ఆవిడ సంతకం పెడుతుందా, వెళ్ళిపోతుందా అన్నదే ఆ వేసవంతా నా గుబులు.

వంటింట్లో మాత్రం ఇద్దరికీ మాటలే మాటలు. ఆవిడ ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి మన దేశం నుంచే ఓడెక్కారట. ఏ ఊరి నుంచో ఆవిడకి తెలియదు. పప్పుని డాల్ అనీ, వంకాయని బైగన్ అనీ అంటుంది. మన మాటలు అంతకుమించి పెద్దగా మిగల్లేదు. పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతూ వాళ్ళ దేశమంతా నాకు చూపించేసింది. ఉత్తరాన కొండలు, నడుమ చెరుకు పండిన మైదానం, దక్షిణాన చమురు బావులు, ఒకచోట ఏకంగా తారు చెరువు. నీళ్ళు కాదు, రోడ్లకి వేసే తారే! "మాకు రెండే కాలాలు, ఎండా, వానా. మీ వసంతం గిసంతం అవేవీ లేవు" అనేది. పొద్దున్నే రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి, మెత్తటి పూరీల్లాంటివి రెండు, మధ్యలో శనగల కూర, కాగితంలో పెట్టుకుని తినడం. దాన్ని డబుల్స్ అంటారట. "కారం కొంచెమే వెయ్యి" అనకపోతే ఆ రోజుకి మన పని అయిపోయినట్టేనట.

ఆవిడ ఊరు తూర్పు తీరంలో, అట్లాంటిక్ ఒడ్డున. మైళ్ళ పొడుగునా ఇసుక, కొబ్బరిచెట్లు, స్తంభాల మీద లేపిన ఇళ్ళు, ఇంటి కింద ఉయ్యాల. పడవలో వెళ్ళి వల విడిచి వస్తారు, రెండు కొసలూ ఒడ్డు మీంచి లాగుతారు. దారిన పోయేవాళ్ళు కూడా తాడు పట్టుకోవచ్చు, పట్టుకున్నవాళ్ళకి నాలుగు చేపలు. అది విని నేను ఎగిరి గంతేశాను. "మా భీమిలిలో దాన్ని అలివి వల అంటాం!" అన్నాను. ఆ రాత్రి కూర మాడింది. ఇద్దరం మాడిన కూరే తిన్నాం.

ఇన్ని చెప్పుకున్నవాళ్ళం, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నావని నేను ఒక్కసారి అడగలేదు. మా అమ్మ పెంపకం అలాంటిది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. చిన్నప్పుడు ఎవరైనా నోరుజారి అడిగారో, మా అమ్మ గడప దాటిన కాలు వెనక్కి తీసుకుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేది. "నోరు ఊరుకోదేటే నీకు?" అని నాకు మొట్టికాయలు కూడా పడ్డాయి. దేశాలు మారినా ఆ మొట్టికాయ నెత్తి మీదే ఉంది. చర్చికి వెళ్తోందేమో అనుకున్నాను. ఎవరైనా స్నేహితుడు ఉన్నాడేమో అని కూడా అనుకున్నాను. ఉంటే మంచిదే అని పైకి అనుకుని, లోపల కుళ్ళుకున్నాను. నన్ను రమ్మని ఒక్కసారైనా పిలవచ్చుగా అని ఉక్రోషం.

ఒక సోమవారం ల్యాబ్‌లో టీ తాగుతుంటే, మాతో పనిచేసే గుంటూరు అమ్మాయి అంది:

"అక్కా, నిన్న పిల్లల్ని తీసుకుని గాల్వే బీచ్‌కి వెళ్ళాం. మీ ఇంట్లో ఉండే ఆవిడ కనపడింది. బెంచీ మీద ఒక్కతే కూర్చునుంది. పోయినసారీ అక్కడే ఉంది. పలకరిస్తే ఎంత సంబరపడిందో! మీరెందుకు వెళ్ళరక్కా తనతో?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ నేను గోడలు చూస్తూ కూర్చుంటే ఈవిడ రైలెక్కి సముద్రానికి వెళ్తుందా? భీమిలి పిల్లని నేను! సముద్రం నాకు మాత్రం అక్కర్లేదా? ఆ సాయంత్రం ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి కడిగేశాను.

"ప్రతివారం గాల్వే వెళ్తున్నావట. నాకు చెప్పనే లేదేం?"

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "నువ్వు అడగలేదుగా."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"గర్ల్, మా ఊళ్ళో గేటు దాటి రోడ్డు మలుపు దాకా వెళ్ళాలంటే అరగంట పడుతుంది. ప్రతి ఇంటి ముందూ ఒకటే ప్రశ్న. ఎక్కడికి, ఎవరి కోసం, నేనూ రానా అని. అడగలేదంటే వాళ్ళకి నీ మీద కోపం ఉన్నట్టు. ఇక్కడ నేను కోటు వేసుకుని నిలబడతాను, నిలబడతాను, నువ్వు తల దించుకుని ఫోన్ చూసుకుంటావు. వంటింట్లో మాట్లాడుతుంది గానీ ఈవిడకి నాతో బయటికి రావడం ఇష్టం లేదు అనుకున్నాను."

నేను మా అమ్మ సంగతి చెప్పాను. మంచినీళ్ళూ, మొట్టికాయలూ అన్నీ. ఆవిడ నోరు తెరుచుకుని విని, కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "నా పని చెడకూడదని నోరు మూసుకున్నావా? సముద్రం చూడ్డమే నా పని! నువ్వు అడిగితే అది ఎక్కడికి పోతుంది?" అని కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. కాసేపటికి చూస్తే ఆవిడ ఇంకా తుడుచుకుంటూనే ఉంది. అది నవ్వు కాదు.

తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్ళాం. రైల్లో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. గాల్వేలో చినుకులు, చెవులు కోసే గాలి, బూడిదరంగు నీళ్ళు. ఆ చలిలో కూడా ఐరిష్ ముసలివాళ్ళు ఈదుతున్నారు. "చూడు, పిచ్చివాళ్ళు" అని మురిసిపోతూ చూపించింది. ఇది కూడా అట్లాంటిక్కేనట. తిన్నగా నైరుతి దిక్కుకి పోతే వాళ్ళ ఊరి ఒడ్డే వస్తుందట. మా బంగాళాఖాతం ఎటుందో నేను చూపించబోయి, వెనక్కి తిరిగి, ఊళ్ళోని ఇళ్ళ వైపు చెయ్యి చాపాను.

బెంచీ మీద కూర్చున్నాక చెప్పింది. "ఇంటి ఓనరుకి చెప్పేశాను. లీజు నేను రాయడం లేదు. మా ఊళ్ళో మా అక్క ఇంటి పక్కన గది ఖాళీగా ఉంది. వెళ్ళిపోతున్నా."

"ఉండిపో" అన్నాను. సిగ్గుపడలేదు. "నాకోసం ఉండిపో. ప్రతి ఆదివారం వద్దాం."

ఆవిడ నా చెయ్యి తన కోటు జేబులో పెట్టుకుంది. "క్రిస్మస్ అప్పుడు ఎవరైనా ఈ మాట అనుంటే ఉండేదాన్నేమో, గర్ల్. ఇప్పుడు మా వాళ్ళు గదికి రంగు వేసేశారు."

ఆగస్టులో వెళ్ళిపోయింది. ఇంటి ఓనరు, బాగుంది అనడానికి ఇక్కడివాళ్ళు అనే "గ్రాండ్, గ్రాండ్" అంటూ ఆ గది కిల్కెన్నీ నుంచి వచ్చిన ఒక కాలేజీ పిల్లకి ఇచ్చాడు. మంచి పిల్లే. శుక్రవారం సాయంత్రం బట్టల సంచీ భుజానేసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోతుంది. శనాదివారాలు నేను ఎవరితోనూ మాట్లాడను. ఒక్కోసారి నా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కెటిల్‌తో మాట్లాడుతుంటాను.

మొన్న ఆదివారం ఆవిడ ఫోన్ చేసింది. చలికాలం కదా, ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడింది, అక్కడ మిట్టమధ్యాహ్నం. ఇంటి ముందు వసారాలో కూర్చుని మాట్లాడుతోంది. కోళ్ళ అరుపులు, ఎవరి ఇంట్లోనో పాటలు. మాట మధ్యలో "ఆగు గర్ల్" అని, రోడ్డు మీద పోతున్న ఎవరినో కేకేసింది. ఎక్కడికి, ఎవరింటికి, ఆ సంచిలో ఏమిటి. ఆ మనిషి ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. మామిడికాయలట. నేను ఫోన్ చెవికి అదుముకుని వింటున్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడిగింది ఆ మనిషి.

"ఐర్లాండ్‌లో నాతో ఉండేది చూడు, తనే. పాపం ఒక్కతే ఉంటుంది. ఆదివారం నేను ఫోన్ చేస్తేనే తనకి మాట" అంది ఈవిడ, వీధంతా వినేలా.

నాకు తల కొట్టేసినట్టయింది. పాపమా! నేనా! ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా గేటు కిర్రుమంది, మెట్ల మీద చెప్పుల చప్పుడయింది, ఆ మామిడికాయల మనిషి ఫోన్ లాక్కుంది. ఆ మనిషి మొహం నేనెన్నడూ చూడలేదు.

"హలో డార్లింగ్! ఏం తిన్నావు? ఇవాళ ఎక్కడికి వెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాను.

"అయ్యో, ఎందుకని?" అందావిడ.

నేను చెప్పడం మొదలుపెట్టాను.